మాఱు బ్యాటరీయు, దానికి దగిన ఛార్జరును

విద్యార్థులారా,

మన పాఠశాలకు ఒక డిజిటల్ కెమెరా కలదు. పూర్వవిద్యార్థి యొకరు దానిని ప్రీతితో బహూకరించిరి. ఆటల పోటీలు, బహుమతి ప్రదానము, పదవ తరగతివారి వీడ్కోలు సభ మున్నగు సందర్భములలో తీయబడి, ఈ సంచికలో ఏటేట మీరు చూచుచున్న చిత్రములు దానితో తీసినవే. కెమెరా మంచిది. గడచిన వార్షికోత్సవమునాడు లోపము మాయందే యుండెను. ఆ లోపమేదియో మీకును, మీ తలిదండ్రులకును తెలియజెప్పి, అట్టిది మీ యిండ్లలో జరుగకుండ చూచుటకే యీ పాఠమును వ్రాయుచున్నాము.

మన వసతిగృహమున ముప్పది సంవత్సరములకు పైగా వంటచేసిన వృద్ధురాలు ఆనాడు పనినుండి విరమించుచుండెను. పిల్లలందఱును ఆమెను పెద్దమ్మ యనియే పిలిచెడివారు. సాయంకాలము పిల్లలనడుమ ఆమెను కూర్చుండబెట్టి చిత్రము తీయవలెనని ముందుగానే నిశ్చయించుకొంటిమి. ఆమె క్రొత్తచీర కట్టుకొని వచ్చి చింతచెట్టు క్రింద కుర్చీలో కూర్చుండెను. చిన్నపిల్లలు ముందువరుసను, పెద్దవారు వెనుకను నిలిచిరి. ఉదయమునుండి పరుగుపందెములు తీసి తీసి బ్యాటరీ నిండుకొని యుండెను. మీట నొక్కగానే ఎఱ్ఱగుర్తు రెండుసారులు మిణికి కెమెరా ఆగిపోయెను.

మాఱు బ్యాటరీ లేదు. కెమెరాతో వచ్చిన ఛార్జరు అంతకు నెలదినముల క్రిందటనే ఎక్కడనో పోయెను. దానికి బదులుగా బజారులో మిక్కిలి తక్కువ వెలకు దొరకిన యొకదానిని కొని, ఆ నెలదినములును దానితోనే బ్యాటరీని నింపుచుంటిమి. అర్ధగంట ఓపికపట్టుడని పిల్లలకు చెప్పి, బ్యాటరీని అందులో బెట్టితిమి. ఇరువది నిమిషములు గడవకమునుపే గదిలో కమురుకంపు వచ్చెను. పోయి చూడగా బ్యాటరీ పొట్ట యుబ్బి, ముట్టరానంత వేడిగా నుండెను. గోడమీట ఆర్పి, పట్టుకారుతో దానిని బయటి యిసుకలో బడవేసితిమి.

“పోనీండి మాష్టారూ, ఇంకోనాడు తీద్దురుగాని” అని పెద్దమ్మ నవ్వుచు లేచెను. ఉపాధ్యాయు లొకరు సెల్‌ఫోనుతో ఒక చిత్రము తీసిరిగాని, పొద్దు వాలి చెట్టునీడ దట్టమగుటచే అందులో ఆమె ముఖము పోల్చుకొనుటకు వీలుకాకున్నది. ఆ వర్షాకాలములోనే ఆమె తన యూరిలో మరణించెను. పటము కట్టించుటకు తల్లి చిత్రమేదైన నున్నదాయని ఆమె కుమారుడు మనబడికి వచ్చి యడిగెను. మాయొద్ద నిచ్చుటకు ఏమియు లేకపోయెను. అతడు వట్టిచేతులతో గేటు దాటిపోవుచుండగా మాకు కలిగిన సిగ్గే యీ వ్యాసమునకు మూలము.

1. బ్యాటరీ పుట్టుక

విద్యుచ్ఛక్తిని పాత్రలో నీటివలె నిలువయుంచి కావలసినప్పుడు వాడుకొనుట యెట్లని పూర్వులు చాలకాలము యోచించిరి. ఇటలీదేశపు శాస్త్రజ్ఞుడైన అలెస్సాండ్రో వోల్టా 1800 సంవత్సరమున రెండు జాతుల లోహపు బిళ్లలను, వానినడుమ ఉప్పునీట తడిపిన అట్టలను పేర్చి యెడతెగని విద్యుత్ప్రవాహమును పుట్టించెను. అది ఒకసారి యుడిగిన పిమ్మట మరల నింపుటకు వీలగునది కాదు. ఫ్రెంచివాడైన గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు రేకులతో మరల మరల నింపదగిన బ్యాటరీని కనిపెట్టెను. నేటి మోటారుకార్లలోని బ్యాటరీ దాని సంతతియే.

డిజిటల్ కెమెరా చరిత్రయు బ్యాటరీ చరిత్రతో పెనవైచుకొన్నదే. కొడాక్ సంస్థలో పనిచేయుచుండిన స్టీవెన్ సాసన్ 1975లో నిర్మించిన మొదటి చేతికెమెరా నడుచుటకు 16 నికెల్-కాడ్మియము బ్యాటరీలు కావలసివచ్చెను. దాని చిత్రమున నుండినవి 100 వరుసలు, వరుసకు 100 చుక్కలు, అనగా మొత్తము 10,000 చుక్కలు మాత్రమే. ఆ యొక్క చిత్రమును క్యాసెట్టు టేపుపై నెక్కించుటకు 23 సెకండ్లు పట్టెడిది. నేడు అరచేతిలో నిముడు నొక చిన్న బ్యాటరీతో కొన్ని వందల చిత్రములు తీయుచున్నాము. ఈ మార్పునకు ముఖ్యకారణము లిథియము అయాను బ్యాటరీ. స్టాన్లీ విటింగ్‌హాం, జాన్ గుడినఫ్, అకిరా యోషినో అను మువ్వురు దాని కభివృద్ధి చేకూర్చిరి. సోనీ సంస్థ 1991లో దానిని మొదటిసారిగా విపణిలో ప్రవేశపెట్టెను. ఆ మువ్వురకును 2019లో రసాయనశాస్త్రమునందు నోబెల్ బహుమానము లభించెను. అప్పటికి గుడినఫ్‌గారి వయస్సు 97 సంవత్సరములు. చదువునకును, శ్రమకును వయస్సు అడ్డుకాదని దీనివలన గ్రహింపుడు.

2. లోపల జరుగు పని

కెమెరా బ్యాటరీ లోపల ఒకటిగాని రెండుగాని విద్యుద్ఘటములుండును. ఒక్కొక్క ఘటమున ఒకవైపు లిథియముతో గూడిన లోహపు ఆక్సైడు పూత, రెండవవైపు గ్రాఫైటు అనబడు బొగ్గుపూత, నడుమ సన్నని జల్లెడవంటి ప్లాస్టిక్ పొర యుండును. వీనినన్నిటిని ఒక ద్రవము తడిపియుంచును. మనము బ్యాటరీని నింపునపుడు లిథియము అయానులు ఆక్సైడును విడిచి, ద్రవముగుండ నడచి, బొగ్గుపొరలలో చేరి కూర్చుండును. కెమెరా వాడునపుడు అవి మరల తమ యింటికి మఱలును. ఈ రాకపోకలే బ్యాటరీ జీవితము.

ఆ ద్రవము మంటకు లోబడునది. ఈ మాట మఱవకుడు. కిరోసిను డబ్బాను పొయ్యిదగ్గఱ నుంచుటకు మీ తల్లులు ఎట్లు ఒప్పుకొనరో, ఈ చిన్న పెట్టె విషయమునను అట్టి జాగ్రత్తయే వహింపవలెను.

3. చీటి చదువుట

ప్రతి బ్యాటరీమీదను చిన్న యక్షరములతో ఒక చీటి యుండును. దానిని చదువనేర్చినవాడు బజారులో మోసపోడు. ఉదాహరణమునకు క్యానన్‌వారి ఎల్‌పి-ఈ6 అను బ్యాటరీపై 7.2 వోల్టులు, 1800 మిల్లీ ఆంపియరు-గంటలు అని యుండును. నీళ్లతొట్టితో పోల్చి చెప్పెదము. వోల్టు అనునది తొట్టి యెంత ఎత్తున నున్నదో తెలుపును. ఆంపియరు అనునది గొట్టముగుండ నెంత ధార పాఱుచున్నదో తెలుపును. ఆంపియరు-గంట యనునది తొట్టిలో నెంత నీరు పట్టునో తెలుపును.

వోల్టులను ఆంపియరు-గంటలతో హెచ్చించినచో మొత్తము శక్తి వాట్-గంటలలో వచ్చును. 1800 మిల్లీ ఆంపియరు-గంటలనగా 1.8 ఆంపియరు-గంటలు. 7.2 × 1.8 = 12.96. కావున ఈ బ్యాటరీలో ఇంచుమించు 13 వాట్-గంటల శక్తి కలదు. వేర్వేఱు వోల్టులు గల బ్యాటరీలను పోల్చునపుడు ఈ వాట్-గంటల లెక్కయే సరియైన కొలత.

4. ఛార్జరు చేయు పని

లిథియము ఘటము సామాన్యముగా 3.6 లేక 3.7 వోల్టులది. అది పూర్తిగ నిండునప్పటికి 4.2 వోల్టులకు చేరును. రెండు ఘటములు వరుసగా గల బ్యాటరీపై 7.2 అని యున్నను, దాని ఛార్జరుపై 8.4 అని యుండును. ఇది అచ్చుతప్పు కాదు. నీరు పల్లమునకే పాఱునుగదా. తొట్టి నిండవలెనన్న నీరు వచ్చు తావు ఎత్తున నుండవలెను. 4.2 రెండింతలు 8.4 అగునని మీరే లెక్కచూచుకొనవచ్చును.

మంచి ఛార్జరు తన పనిని రెండు భాగములుగా చేయును. మొదట నిలకడయైన ధారతో నింపును. ఘటము 4.2 వోల్టులకు చేరగానే ఆ యెత్తును దాటనీయక, ధారను క్రమముగా తగ్గించుచు వచ్చి, తుదకు ఆపివేయును. మీ యింట బిందె నింపునపుడు అంచుదాక వచ్చినంతనే కుళాయిని కొంచెము కొంచెముగా బిగింతురుగదా. ఇదియు అట్టిదే. ఎల్‌పి-ఈ6 బ్యాటరీకి క్యానన్‌వారు ఇచ్చు ఛార్జరు 8.4 వోల్టులను, 1.2 ఆంపియరులను ఇచ్చును. 1.8ని 1.2చే భాగించిన గంటన్నర వచ్చును. కాని నిజముగా నిండుటకు రెండున్నర గంటలు పట్టును. మిగిలిన గంట యెక్కడ పోయెను? తుది భాగమున ధార సన్నగిలుటయే దానికి కారణము. కావున తొందరలో నున్నవారు సగము కాలమైనంతనే తీసినను బ్యాటరీలో సగముకంటె నెక్కువయే నిండియుండును.

హద్దు మీఱి నింపినచో బొగ్గుపొరలలో చోటుచాలని లిథియము లోహముగా పైన పేరుకొనును, ద్రవము చెడి వాయువు పుట్టును, పెట్టె యుబ్బును. మా ఛార్జరును తరువాత భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని మీటరుతో పరీక్షింపగా అది 8.4 వద్ద నిలువక దానిని మించి పోవుచుండెను. నెలదినములు మేము ప్రతిసారియు బ్యాటరీకి హాని చేయుచునే యుండి, ఆ హానిని వార్షికోత్సవమునాడు గాని కన్నులార చూడలేదు.

5. ఛార్జరును ఎంచుకొనుట

గంతకు దగిన బొంత యన్నట్లు, బ్యాటరీకి దగిన ఛార్జరే కావలెను. కొనునపుడు ఈ క్రింది యంశములను వరుసగా పరీక్షింపుడు.

మొదటిది, పేరు. బ్యాటరీమీది గుర్తు, అనగా ఎల్‌పి-ఈ6, ఎన్‌పి-ఎఫ్‌డబ్ల్యు50, ఈఎన్-ఈఎల్15 వంటిది, ఛార్జరుపై నున్న గుర్తుతో అక్షరాక్షరమును కలియవలెను. కెమెరా పేరు చెప్పి అడిగిన చాలదు. బ్యాటరీని వెంట తీసికొనిపోవుడు.

రెండవది, వోల్టేజి. ఒక ఘటము గలదానికి 4.2, రెండు ఘటములు గలదానికి 8.4. బ్యాటరీ అందులో ఎట్లో పట్టినంతమాత్రమున నది సరియైనదని తలంపరాదు.

మూడవది, ధార. బ్యాటరీ ఆంపియరు-గంటల సంఖ్యను మించిన ధారనిచ్చు ఛార్జరు వలదు. దానిలో సగము మొదలు మూడింట రెండువంతులవఱకు నిచ్చునది మేలు. త్వరగా నిండుననుట యెల్లప్పుడును మెచ్చుకోలు కాదు.

నాలుగవది, ముట్లు. బ్యాటరీ యంచున రెండు ముట్లకంటె నెక్కువ యుండుట మీరు చూచియుందురు. ధన ఋణ ధ్రువములకు రెండు చాలును. తక్కినవానిలో ఒకటి లోపలి వేడిమిని తెలుపునది. కొన్నిటిపై దానికి టీ అను నక్షరము గుర్తుగా నుండును. మంచి ఛార్జరు ఆ ముట్టును తాకి, వేడి మితిమీఱినచో పనిని ఆపివేయును. ఏ బ్యాటరీకైనను పట్టునని చెప్పి, ఇటునటు జరుపదగిన రెండు సూదులు మాత్రమే గల ఛార్జరులకు ఈ జ్ఞానము లేదు. మేము కొన్నది అట్టిదే.

ఐదవది, ముద్ర. మనదేశమున లిథియము బ్యాటరీలకును, గోడకు దగిలించు అడాప్టరులకును భారతీయ ప్రమాణముల సంస్థవద్ద నమోదు తప్పనిసరి. బ్యాటరీపై ఐ.ఎస్. 16046 అను సంఖ్యయు, ఆర్ అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యయు నుండవలెను. చేసినవారి పేరుగాని, చిరునామాగాని లేని సరకును ఎంత చౌకయైనను ముట్టకుడు.

ఆఱవది, గోడ విద్యుత్తు. మన యిండ్లకు వచ్చునది 230 వోల్టులు. ఛార్జరుపై 100–240 వోల్టులు అని యున్నచో అది యే దేశమునందైనను పనిచేయును. అమెరికాలోని బంధువులు తెచ్చియిచ్చిన ఛార్జరు పుల్లలు మన రంధ్రములలో పట్టవు. అప్పుడు పుల్లలు మార్చు చిన్న అమరిక చాలును. కాని దానిపై 120 వోల్టులు అని మాత్రమే యున్నచో మన గోడకు తగిలించినంతనే కాలిపోవును. చదివి చూచుటకు అరనిమిషము పట్టును.

6. యూఎస్‌బీ ఛార్జరుల లెక్క

ఒకేసారి రెండు బ్యాటరీలు నింపునట్టి యూఎస్‌బీ ఛార్జరులు నేడు విరివిగా దొరకుచున్నవి. ఫోను అడాప్టరుతోడను, ల్యాప్‌టాపుతోడను, కారులోను వాడుకొనవచ్చును గనుక ప్రయాణములకు సదుపాయము. కాని కొందఱు “రాత్రియంత పెట్టినను నిండలేదు” అని చెప్పుదురు. దోషము ఛార్జరుదో అడాప్టరుదో లెక్కకట్టి చూతము.

పైని చెప్పిన బ్యాటరీలు రెండు కలిసి ఇంచుమించు 26 వాట్-గంటలు. త్రోవలో వేడిగా కొంత శక్తి వృథాయగును. ఐదవవంతు పోవునని యెంచినను గోడనుండి 32 వాట్-గంటలు తీసికొనవలెను. 5 వోల్టులు, 1 ఆంపియరు గల పాత అడాప్టరు ఇచ్చునది 5 వాట్లు. 32ను 5చే భాగించిన ఆఱు గంటలకు పైగా పట్టును. 5 వోల్టులు, 2 ఆంపియరులు గలది 10 వాట్లు ఇచ్చును. దానితో మూడు గంటలకు పైన. ధార సన్నగిలు కాలము దీనికి తోడగును. కావున యూఎస్‌బీ ఛార్జరు కొనునపుడు, దానికి ఎన్ని ఆంపియరుల అడాప్టరు కావలెనో చదివి, అట్టిదానినే జతచేయుడు.

పవర్‌బ్యాంకు విషయమునను పిల్లలు పొరబడుదురు. 10,000 మిల్లీ ఆంపియరు-గంటల పవర్‌బ్యాంకును 1800చే భాగించి, ఐదు బ్యాటరీలు నిండునని సంతోషింతురు. పవర్‌బ్యాంకుమీది యా సంఖ్య 3.7 వోల్టుల ఘటములకు సంబంధించినది. 3.7 × 10 = 37 వాట్-గంటలు. దీనిని 13చే భాగించిన మూడును కాదు. నష్టములు పోగా నిండునవి రెండు. ఎత్తు వేఱైన తొట్లను బిందెల లెక్కతో పోల్చిన యెడల ఇట్టి తప్పే వచ్చును.

7. మాఱు బ్యాటరీ

ఛార్జరు మాత్రమే రెండుంచుకొని, బ్యాటరీ ఒకటే యుంచుకొనుట, కుండ యొకటియు కుళాయిలు రెండును ఉంచుకొన్నట్లు. ఉత్సవదినములకు నిండిన మాఱు బ్యాటరీ యొకటి తప్పక కావలెను. కెమెరా చేసినవారి బ్యాటరీయే యుత్తమము. ఇతరులు చేసినవానిలోను మంచివి కలవు. కాని వానిపై వ్రాసిన గొప్పలను పరీక్షించి నమ్మవలెను. దీనికొక చక్కని కొలబద్ద కలదు. క్యానన్‌వారి ఎల్‌పి-ఈ6 బ్యాటరీ 2008లో వచ్చినపుడు దాని పరిమాణము 1800. పిమ్మట వచ్చిన రూపమున 1865. 2020లో వచ్చినదానిలో 2130. అదే కొలతగల పెట్టెలో, పండ్రెండేండ్ల పరిశ్రమకు, పెరిగినది 330 మాత్రమే. అనగా నూటికి పదునెనిమిది వంతులు. ఇట్లుండగా అదే పెట్టెలో 3000 పట్టునని సగము వెలకు అమ్మువారిని మనమేల నమ్మవలెను?

8. వాడుకలో జాగ్రత్తలు

బ్యాటరీని నింపునపుడు పరుపుమీదను, కాగితములనడుమను, తెరలప్రక్కను ఉంచకుడు. గచ్చునేలయో, రాతిపలకయో మంచిది. మనుష్యులు మేలుకొని యున్నవేళనే నింపుడు. తయారుచేయువారిలో పెక్కుమంది నింపుటకు విధించిన యుష్ణము 40 లేక 45 డిగ్రీలకు లోబడినదే. రెంటచింతల, రామగుండము వంటి మన యూళ్లలో మండువేసవిని 45 డిగ్రీలు దాటు దినములు కలవు. అట్టి దినములలో మధ్యాహ్నము మాని, తెల్లవారుజామున నింపుడు. ఎండలో నుండి తెచ్చిన బ్యాటరీని చల్లారనిచ్చి పిమ్మట ఛార్జరులో బెట్టుడు. గడ్డకట్టు చలిలో నింపుటయు హానికరమే. సున్న డిగ్రీలకు క్రిందైనచో లిథియము బొగ్గుపొరలలో దూరలేక పైన పేరుకొనును.

పూర్తిగ నుడిగిపోవువఱకు వాడి పిమ్మట నింపవలెనని పెద్దలు కొందఱు చెప్పుదురు. అది నికెల్-కాడ్మియము బ్యాటరీలనాటి మాట. లిథియమునకు ఆ నియమము లేదు. పూర్తిగ నుడిగించుటయే దానికి చేటు. వేసవి సెలవులవంటి దీర్ఘకాలము వాడనపుడు సగము నింపి, కెమెరానుండి తీసి, చల్లని తావున నుంచుడు. మూడు నెలల కొకసారి చూచి, తగ్గినచో మరల సగము నింపుడు.

బ్యాటరీలకు 1, 2, 3 అని కాగితపు పట్టీ లంటించి వంతులవారీగా వాడుడు. నిండినదానికి మూతయొక దిక్కునకు, ఉడిగినదానికి మఱియొక దిక్కునకు పెట్టు నలవాటు చేసికొన్నచో చీకటిలోను తెలియును. తాళపుచెవులు, నాణెములు గల జేబులో వట్టి బ్యాటరీని వేయరాదు. లోహము రెండు ముట్లను కలిపినచో నిప్పు పుట్టును. విమానమున పోవువారు మాఱు బ్యాటరీలను సామానులలో వేసి పంపక తమవెంట చేతిసంచిలోనే యుంచుకొనవలెనని నియమము. 100 వాట్-గంటలకు లోబడినవానికి ప్రత్యేకానుమతి యక్కఱలేదు. మన బ్యాటరీ 13 మాత్రమే.

కొన్ని కెమెరాలు పెన్సిల్ బ్యాటరీలతో నడచును. వానిలో మరల నింపదగినవి నికెల్-మెటల్ హైడ్రైడు జాతివి, ఒక్కొక్కటి 1.2 వోల్టులు. వాని ఛార్జరు వేఱు, దాని పద్ధతి వేఱు. లిథియము ఛార్జరులో వీనిని, వీని ఛార్జరులో లిథియమును ఎన్నడును పెట్టకుడు. ఒకసారి వాడి పాఱవేయవలసిన ఆల్కలైను బ్యాటరీలను నింపజూచుట ప్రమాదము.

9. ఉబ్బిన బ్యాటరీ

బ్యాటరీ కెమెరానుండి సులభముగా రాకపోయినను, బల్లపై పెట్టినపుడు గిఱగిఱ తిరిగినను, అది యుబ్బినదని తెలిసికొనుడు. దానిని నొక్కరాదు, గ్రుచ్చరాదు, మరల నింపరాదు. ఇంకొకసారి పనికివచ్చునేమో యను నాశ వలదు. ముట్లపై అంటుపట్టీ వేసి, మండని పాత్రలో నుంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థములు గ్రహించు కేంద్రమునకు ఒప్పగింపుడు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నియమములనుబట్టి వీనిని చెత్తకుండీలో వేయుట తగదు. మరల సేకరించు బాధ్యత తయారుచేయువారిపై నుంచబడినది. పొగగాని మంటగాని వచ్చినచో పిల్లలు ముట్టక దూరముగా పోయి పెద్దలను పిలువవలెను. పెద్దలు మొదట మెయిన్ మీట ఆర్పి, పిమ్మట ధారాళముగా నీరు పోసి చల్లార్పవలెను. మంట ఆరినట్లు కనబడినను లోపలి వేడికి మరల రాజుకొనవచ్చును గనుక, చాలసేపు కనిపెట్టుకొని యుండవలెను.

10. ముగింపు

ఇపుడు మన కెమెరా పెట్టెలో మూడు బ్యాటరీలు, కెమెరా చేసినవారి ఛార్జరు ఒకటి, ప్రయాణమునకు యూఎస్‌బీ ఛార్జరు ఒకటి కలవు. పెట్టెమూతకు లోపల ఒక పట్టిక యంటించియున్నది. ప్రతి ఉత్సవమునకు ముందటి సాయంకాలము తొమ్మిదవ తరగతి విద్యార్థులిద్దఱు బ్యాటరీలను పరీక్షించి, తేదీ వేసి, సంతకము చేయుదురు. ఈ పనికి పట్టునది పది నిమిషములు.

ఈ యేటి వార్షికోత్సవమున ప్రధానాతిథి రాకమునుపే, ఉదయపు వెలుతురులో, మొట్టమొదట తీసిన చిత్రములు మన కావలివానివి, వంటవారివి, ఆవరణ ఊడ్చువారివి. వానిని అచ్చువేయించి ఎవరివి వారికి ఇంటికి పంపితిమి. చింతచెట్టు క్రింద ఆ కుర్చీని మరల వేసి చిత్రము తీయు భాగ్యము మాకు లేదు. చేతులు కాలిన పిమ్మట పట్టుకొన్న ఆకులే యివి. అయినను మీ చేతులు కాలకమునుపే మీకు అందించుచున్నాము.

అభ్యాసము

1. 7.2 వోల్టులు, 1020 మిల్లీ ఆంపియరు-గంటలు గల బ్యాటరీలో ఎన్ని వాట్-గంటల శక్తి కలదు?
2. 3.6 వోల్టుల బ్యాటరీ 8.4 వోల్టుల ఛార్జరులో చక్కగా పట్టినది. దానిని నింపవచ్చునా? కారణము వ్రాయుడు.
3. 3.7 వోల్టులు, 20,000 మిల్లీ ఆంపియరు-గంటల పవర్‌బ్యాంకును ప్రత్యేకానుమతి లేకుండ విమానమున వెంట తీసికొనిపోవచ్చునా? లెక్కతో చూపుడు.
4. మీ యింటనున్న ఛార్జరు లన్నిటిపై నున్న చీటీలను పెద్దలయెదుట చదివి, వోల్టులు, ఆంపియరులు, నమోదు సంఖ్య పట్టికగా వ్రాయుడు. ముద్ర లేనివి ఎన్ని?
5. మీ యింట ఇంతవఱకు మంచి చిత్రము తీయబడని పెద్దలెవరు? ఈ సెలవులలో, వెలుతురుండగనే, ఆ పని పూర్తిచేయుడు.